దవడ కింద గడ్డ

పిల్లవాడికి చెవుల కింద వాచి, చెంపలు బూరెల్లా వుబ్బితే ఇంట్లో ముసలమ్మగారు మొహం చూడగానే "గవద బిళ్ళలు" అని తేల్చేస్తుంది. పసుపూ గంధమూ పట్టు వేసి, నాలుగు రోజులు బడి మాన్పిస్తుంది. ఆమె చెప్పింది చాలాసార్లు నిజమే అవుతుంది కూడాను. అదే వాపు పెంపుడు కుక్కకు వచ్చిందనుకోండి, ఆ ముసలమ్మగారి అనుభవమూ అక్కరకు రాదు, మాలాంటి పశువైద్యుల కంటిచూపూ అక్కరకు రాదు. కుక్క దవడ కింద వాపును కళ్ళతో చూసి, ఇది ఫలానా జబ్బు అని ఖాయంగా చెప్పగల మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా ఈ వృత్తిలో వున్నవాణ్ణి గనుక ఈ మాట ధైర్యంగానే చెబుతున్నాను.

ఆ చోటు అలాంటిది మరి. అరచెయ్యంత స్థలంలో లాలాజలం వూరించే గ్రంథులున్నాయి. గాయం తగిలినా, పన్ను పుచ్చినా వాచే బిళ్ళలున్నాయి. తలకు పోయివచ్చే పెద్ద రక్తనాళాలున్నాయి. మొహాన్ని కదిలించే నరం వుంది. వీటిలో దేనికి ఏం వచ్చినా పైకి కనిపించేది మాత్రం ఒక్కటే - వాపు.

అంచేత ఈ వాపుతో మా దగ్గరకు వచ్చేవాళ్ళు రెండు రకాలుగా వుంటారు. కొందరు ఇంటి దగ్గరే కాన్సరని నిర్ణయించుకుని, కళ్ళు తుడుచుకుంటూ వస్తారు. కొందరు "ఏదో గడ్డలెండి, అదే పోతుందని ఆరు నెలలు చూశాం" అంటూ తాపీగా వస్తారు. ఇద్దరూ తొందరపడ్డవాళ్ళే. ఒకరు ఏడవడానికి తొందరపడ్డారు, ఇంకొకరు మరచిపోవడానికి తొందరపడ్డారు.

నాలుగు జతలు

కుక్కకు పెద్ద లాలాజల గ్రంథులు నాలుగు జతలు. మొదటిది చెవి మొదట్లో, చెవిని కిందినుంచి పట్టుకున్నట్టు వుంటుంది. పిల్లలకు గవదలు వాచేది ఈ గ్రంథికే. రెండోది దవడ ఎముక మూలకు వెనక, గుండ్రంగా, వేళ్ళకు దొరికేట్టు వుంటుంది. మూడోది నాలుక కింద పొడుగునా సాగి, కొంతభాగం రెండోదానితో ఒకే పొరలో కలిసి వుంటుంది. నాలుగోది కంటికి కింద, చెంప ఎముక చాటున దాక్కుని వుంటుంది, చేతికి అందదు. ఇవిగాక పెదవుల్లోనూ, నాలుకలోనూ, అంగిట్లోనూ చిన్న చిన్న గ్రంథులు బోలెడున్నాయి.

మొదటి గ్రంథినుంచి నోట్లోకి వచ్చే గొట్టాన్ని 1660లో నీల్స్ స్టెన్సన్ అనే డెన్మార్కు యువకుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక గొర్రె తలను కోసి చూస్తూ కనుక్కున్నాడు. రష్యాలో పావ్లోవ్ మహాశయుడు కుక్కల లాలాజలపు గొట్టాల చివరను పైకి తెచ్చి, చుక్క చుక్కా లెక్కబెట్టి, తిండి నోటికి అందకముందే నోరు ఎలా వూరుతుందో లోకానికి చూపించాడు. జీర్ణక్రియ మీద ఆయన చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈ గ్రంథులను గురించి మనకు తెలిసిన దానిలో కుక్కల రుణం చాలానే వుందన్నమాట.

ఈ గ్రంథుల్లో పుట్టే కణితులు అరుదు. కుక్కలకు వచ్చే కణితులన్నిటిలోనూ ఇవి వెయ్యికి రెండు కూడా వుండవు. ఇంతవరకు శుభవార్తే. కాని వచ్చినవాటిలో ఎక్కువభాగం చెడ్డవే - అంటే కాన్సరు జాతివే. వచ్చేది కూడా ఎక్కువగా పది, పన్నెండేళ్ళ ముసలి కుక్కలకు. దవడ మూల గ్రంథికీ, చెవి కింద గ్రంథికీ తరచు వస్తుంది. మొదట్లో నొప్పి వుండదు. కుక్క మామూలుగానే తింటుంది, తోక వూపుతుంది, గేటు దగ్గర మొరుగుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. తరవాత తరవాత మింగడం కష్టమవుతుంది, చొంగ కారుతుంది, నోరు కంపుకొడుతుంది. చెవి కింద నరం పట్టుబడితే ఒకవైపు పెదవి జారిపోతుంది. కంటి కింద గ్రంథిలో అయితే కన్ను నెమ్మదిగా ముందుకు పొడుచుకు వస్తుంది.

నోట్లో చెయ్యి పెట్టేముందు

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పి ముందుకు పోతాను. కుక్క చొంగ కారుస్తోంది, మింగలేకపోతోంది, దవడ వేలాడేసింది అంటే చాలామంది "గొంతులో ఎముక అడ్డుపడింది కాబోలు" అనుకుని నోట్లో వేళ్ళు పెడతారు. అలా పెట్టకూడదు. పిచ్చికుక్క అంటే కరవడానికి మీదపడేదే అని మనవాళ్ళ నమ్మకం. కాని రేబిస్‌లో ఒక రకం కుక్క మీదపడదు. దవడ పడిపోయి, చొంగ కారుస్తూ మూల కూర్చుంటుంది. ఆ చొంగ గీరుకుపోయిన వేలికి తగిలినా ప్రమాదమే. మనిషికి ఆ జబ్బు లక్షణాలు కనిపించిన తరవాత బతికించడం దాదాపు అసాధ్యం. అంచేత అలాంటి కుక్కను బల్లమీద పెట్టగానే నేను అడిగే మొదటి ప్రశ్న గడ్డ గురించి కాదు, "టీకా ఎప్పుడు వేయించారు?" అని. ఆ జవాబు విన్న తరవాతే చేతికి తొడుగు వేసుకుంటాను.

ఇక దవడ కింద వాపుకు కారణాలు. అన్నిటికంటే ముందు అనుమానించవలసినవి బిళ్ళలు. పన్ను పుచ్చినా, చిగురు పాడైనా ఆ వైపు బిళ్ళ వాస్తుంది. మన వూళ్ళల్లో గోమార్లవల్ల వచ్చే జ్వరంలో కూడా బిళ్ళలు వాస్తాయి. రెండువైపులా సమానంగా వాచి, భుజాల ముందు, మోకాళ్ళ వెనక కూడా తగిలితే బిళ్ళలకే వచ్చే కాన్సరును అనుమానించాలి. రెండోది చీము గడ్డ. ముల్లో, గడ్డిపరకో గుచ్చుకుని వస్తుంది. వేడిగా వుంటుంది, ముట్టుకుంటే కుక్క కరవబోతుంది. మూడోది లాలాజలపు తిత్తి. గొట్టం ఎక్కడో చిట్లి, లాలాజలం నోట్లోకి పోకుండా చర్మం కింద చేరి సంచీ కడుతుంది. లాలాజల గ్రంథుల జబ్బుల్లో కుక్కలకు ఎక్కువగా వచ్చేది ఇదే. నాలుగోది కణితి.

ఇంకో తమాషా ఏమిటంటే, కొందరు జబ్బేమీ లేని గ్రంథినే గడ్డ అనుకుని పరుగెత్తుకు వస్తారు. దవడ మూలన వేలికి తగిలే గుండ్రని ముద్ద ప్రతి కుక్కకూ వుంటుంది. రెండోవైపు కూడా తడిమి చూస్తే తెలిసిపోతుంది. రెండువైపులా ఒకే మాదిరిగా, మెత్తగా, కదులుతూ వుంటే అది దేవుడిచ్చినదే. కాఫీ తాగి ఇంటికి వెళ్ళమంటాను.

ఒకే నెలలో రెండు కుక్కలు

ఈ నాలుగు దొంగల్లో అసలు దొంగను పట్టుకోవడం ఎలాగో చెప్పాలంటే, ఒక వానాకాలంలో నెలరోజుల వ్యవధిలో మా దగ్గరకు వచ్చిన రెండు కుక్కల కథ చెబితే చాలు.

మొదటిది నాలుగేళ్ళ నాటుకుక్క. పేరు మోతీ. రైల్వేలో పనిచేసే ఒకాయనా, ఆయన భార్యా తెచ్చారు. దవడ కింద నిమ్మకాయంత వాపు మూడు వారాల్లో బత్తాయంత అయింది. చూసినవాళ్ళెవరో కాన్సరన్నారట. ఆయన నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, పిల్లలు నాలుగు గంటలకు బడినుంచి వస్తారండీ. ఆలోపలే ఏదో సూది వేసి నిద్రపుచ్చేయండి. వాళ్ళు చూస్తుండగా నావల్ల కాదు" అన్నాడు. ఆవిడ కుక్క మెడలో తాడు పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

"సూది వేస్తాను గాని, మీరు చెప్పే సూది కాదు" అన్నాను.

రెండోది పదకొండేళ్ళ లాబ్రడార్. రిటైరైన తెలుగు పండితులొకాయనది. ఆయన మనవరాలు, పదేళ్ళ పిల్ల, పట్టుబట్టి తీసుకువచ్చింది. దవడ మూలన రేగిపండంత ముద్ద వుంది. చేతికి రాయిలా తగిలింది. కదలలేదు. నొప్పి లేదు. "ముసలితనంలో మనకు రావూ కాయలు, అలాంటిదేనండీ. ఈ పిల్ల ఊరుకోదు" అని నవ్వారు మాష్టారు. మందుల షాపులో అడిగి మూడుసార్లు బిళ్ళలు కొని వేశారట. ముద్ద తగ్గనూ లేదు, పెద్దగా పెరగనూ లేదు.

రెండు కుక్కలకూ మొదట చేసిన పరీక్ష ఒకటే. సన్నని సూదిని గడ్డలోకి గుచ్చి, లోపలి పదార్థాన్ని కొంచెం పైకి లాగడం. దీనికి మత్తు అక్కర్లేదు. టీకా సూదికి ఓర్చుకున్న కుక్క దీనికీ ఓర్చుకుంటుంది. లాగినదాన్ని గాజుపలక మీద పరిచి, ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం.

మోతీ విషయంలో మైక్రోస్కోపు దాకా పోనక్కర లేకుండానే సగం జవాబు వచ్చేసింది. సూదిలోకి తేనెరంగు ద్రవం, కొంచెం నెత్తురు జీరతో, వచ్చింది. రెండు వేళ్ళ మధ్య పెట్టి విడదీస్తే జిగురులా తీగ సాగింది. అది లాలాజలం. గాజుపలక మీద కూడా జిగురూ, దాన్ని మింగి వుబ్బిన కణాలూ తప్ప చెడ్డ కణాలు లేవు. కాన్సరూ లేదు, గీన్సరూ లేదు; గొట్టం చిట్లిందంతే. ఆ సంచీని ఖాళీ చేసి వూరుకుంటే మళ్ళీ నిండుతుంది గనుక ఆ వైపు రెండు గ్రంథులనూ కలిపి తీసెయ్యాలి. మిగిలిన గ్రంథులు చాలు, నోరు ఎండిపోదు. ఆపరేషన్ అయింది. తీసిన గ్రంథిని కూడా పరీక్షకు పంపాం. తిత్తి చాటున కణితి దాగి వుండడం ఎప్పుడో గాని జరగదు, అయినా చూడడం మా ధర్మం. దానిలో కూడా చెడ్డ ఏమీ లేదు. ఆ రోజు నాలుగు గంటలకు బడినుంచి వచ్చిన పిల్లలకు ఏం జరగబోయిందో తల్లిదండ్రులు చెప్పి వుండరనే అనుకుంటాను.

లాబ్రడార్ గడ్డలోంచి ద్రవమేమీ రాలేదు. సూది మొనకు అంటుకున్న కాస్త పదార్థాన్నే పలకమీద పరిచాం. మైక్రోస్కోపు కింద కణాలు గుంపులు గుంపులుగా కనిపించాయి. ఆరోగ్యంగా వున్న గ్రంథిలో కణాలు ఒకే అచ్చులో పోసినట్టు, ఒకే కొలతలో వుంటాయి. ఇక్కడ ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. నడిమి గింజలు కూడా ఒక్కొక్కటి ఒక్కో పరిమాణంలో వున్నాయి. లక్షణాలు మంచివి కావు.

అయినా అంతటితో పేరు పెట్టడానికి వీల్లేదు. సూది చూపించేది కొన్ని కణాలను మాత్రమే. వూరిలో నలుగురిని చూసి వూరంతా ఇలాగే వుంటుందనడం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. ఒక్కోసారి చెడ్డ కణాలు కూడా మంచివాటిలా నటిస్తాయి. ఒక్కోసారి నెత్తురు తప్ప ఏమీ రాదు. ఖాయంగా చెప్పేది ముక్క పరీక్ష - బయాప్సీ. కుక్కకు మత్తు ఇచ్చి గడ్డలోంచి చిన్న ముక్క తీసి, పలుచని పొరలుగా కోసి చూస్తారు. ముక్క తీసే చోటును కూడా ఆలోచించి ఎంచుకోవాలి. అక్కడ రక్తనాళాలూ నరాలూ వున్నాయి. పైగా తరవాత చేసే ఆపరేషన్‌లో ఆ కోసిన దారిని కూడా గడ్డతోపాటు తీసెయ్యాలి.

బయాప్సీ జవాబు వచ్చింది. గ్రంథి కణాల్లో పుట్టిన కాన్సరు.

ఇక రెండో ప్రశ్న: అది అక్కడే వుందా, ఎక్కడికైనా పాకిందా? దీనికి పక్కనున్న బిళ్ళలోకి కూడా సూది గుచ్చి చూస్తాం. బిళ్ళ వాచకపోయినా సరే, గుచ్చి చూడవలసిందే. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీస్తాం - కుడిపక్కన పడుకోబెట్టి ఒకటి, ఎడమపక్కన ఒకటి, వెల్లకిలా ఒకటి. ఒకపక్కన పడుకుంటే కిందికి వచ్చిన ఊపిరితిత్తి నొక్కుకుపోయి, దానిలో మచ్చలు కనబడకుండా దాక్కుంటాయి; అందుకని మూడు. తల ఎక్స్‌రేలో గడ్డ సంగతి అంతగా తెలియదు. ఎముకను తొలిచిందా లేదా అన్నది మాత్రం కొంత తెలుస్తుంది. గడ్డ లోతు, రక్తనాళాలతో దాని పొత్తు తెలియాలంటే సి.టి. స్కాన్ మేలు. కంటి కింద గ్రంథిలో అయితే స్కాన్ లేకుండా పని జరగదనే చెప్పాలి. చివరగా రక్తపరీక్ష. అది కాన్సరును కనుక్కోవడానికి కాదు, ముసలి ప్రాణం మత్తుకు తట్టుకోగలదా, మూత్రపిండాలూ కాలేయమూ ఎలా వున్నాయి అని చూడడానికి.

లాబ్రడార్‌కు బిళ్ళా శుభ్రంగా వుంది, ఊపిరితిత్తులూ శుభ్రంగా వున్నాయి.

మాష్టారు కాగితాలన్నీ చదివి కళ్ళజోడు తీశారు. "కోస్తే బతుకుతుందా?" అన్నారు.

"కొంతకాలం బతుకుతుందనే నా ఆశ. ఎంతకాలమని మాత్రం మాట ఇవ్వలేను" అన్నాను.

2001లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలన సంగతి ఆయనకు చెప్పాను. ఇలాంటి కణితులు వచ్చిన 24 కుక్కలనూ, 30 పిల్లులనూ చూసి రాసినది అది. ఆ కుక్కల్లో సగం 550 రోజులకు పైగా బతికాయి. జబ్బును కనుక్కునేనాటికి అది ఎంత పాకిందన్నదాన్ని బట్టే కుక్క ఆయుర్దాయం వుంటుందని కూడా దానిలో తేలింది. పాకకముందు పట్టుకున్నవాటికి రోజులెక్కువ. 24 కుక్కలంటే పెద్ద లెక్క కాదు. అయినా అరుదైన జబ్బు కదా, వున్న లెక్కలే మనకు ఆధారం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "దానికి ఏం చెప్పమంటారు?" అన్నారు. కుక్కను గురించి కాదు, మనవరాలిని గురించి. ఆ పిల్ల వరండాలో కుక్క పక్కన కూర్చుని, తలుపు సందులోంచి అంతా వింటూనే వుంది. "ఆపరేషన్ ఎప్పుడు తాతయ్యా?" అని అక్కడినుంచే అడిగింది. ఇక చెప్పవలసింది ఏమీ మిగలలేదు.

ఆపరేషన్ చేశాం. చుట్టుపక్కల కొంత మేర మంచి కండతో సహా తీశాం. తీసిన దాని అంచులను పరీక్షిస్తే చెడ్డ కణాలు లేవు. అంచుల్లో మిగిలితే రేడియేషన్ చికిత్స అవసరమవుతుంది. అది పెద్ద నగరాల్లో కూడా కుక్కలకు సులభంగా దొరకదు. ఆ కుక్క ఆపైన ఏడాదిన్నర తన వాకిట్లోనే వుంది. మూడు నెలలకోసారి ఆ పిల్లే దానిని తీసుకువచ్చి ఎక్స్‌రే తీయించుకు వెళ్ళేది. గడ్డ మళ్ళీ రాలేదు. చివరకు ముసలితనంతో, మూత్రపిండాలు చెడి పోయింది. ఆ పిల్ల రాయిలాంటి ఆ ముద్దను తడిమి చూడకపోతే, తాతగారు మరో ఆరు నెలలు నవ్వుతూనే వుండేవారు. అప్పుడు ఎక్స్‌రేలో ఏం కనిపించేదో చెప్పనక్కర లేదు.

ఇంట్లో మీరు చెయ్యగలిగినది

నెలకు ఒకసారి, స్నానం చేయించేటప్పుడు, రెండు చేతులతో రెండు దవడల కిందా ఒకేసారి తడిమి చూడండి. రెండువైపులకూ తేడా వుందా అన్నదే ముఖ్యం. గడ్డ తగిలితే స్కేలుతో కొలిచి, తేదీ వేసి కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోను వుంది గనుక బొమ్మ కూడా తీసుకోండి. రెండు వారాల్లో తగ్గకపోయినా, ఈలోపల పెరిగినా ఆగకండి. కన్ను పొడుచుకు వచ్చినా, మింగలేకపోయినా ఒక్కరోజు కూడా ఆగకండి. కన్ను ఒక్కసారిగా వుబ్బి, నోరు తెరిస్తే కుక్క అరుస్తుంటే చాలాసార్లు అది చీము గడ్డే అవుతుంది. నొప్పి లేకుండా నెమ్మదిగా వస్తేనే అనుమానం ఎక్కువ.

గడ్డను పిసకకండి. వాతలు పెట్టించకండి. సున్నం పట్టు వేసి, పగిలితే మంచిదని ఎదురుచూడకండి. మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు వెయ్యకండి. మనకు మేలు చేసే పారాసెటమాలూ, ఐబుప్రొఫెనూ దానికి విషం కాగలవు. ముఖ్యంగా, సూది పరీక్ష జరగకముందు వాపు తగ్గడానికని స్టెరాయిడ్ మందులు వాడించకండి. బిళ్ళల కాన్సరు ఆ మందుకు కొన్నాళ్ళు తగ్గినట్టు నటిస్తుంది. అందరూ సంతోషిస్తారు. ఆ తరవాత పరీక్ష చేస్తే సరైన జవాబూ రాదు, చికిత్సకూ సరిగా లొంగదు.

మీ వూరి పశువుల ఆస్పత్రిలో సూది పరీక్ష చెయ్యగలరు. పలక చదివేవారు అక్కడ లేకపోతే దాన్ని పై వూరికి పంపించమని అడగండి. బయాప్సీ, ఎక్స్‌రే, పెద్ద ఆపరేషన్ కావలసివస్తే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి. వెళ్ళేటప్పుడు టీకా పుస్తకం, గడ్డ కొలతలు రాసుకున్న కాగితం, అంతవరకు వాడిన మందుల చీట్లు వెంట తీసుకువెళ్ళండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక ముందురోజే ఆస్పత్రికి ఫోను చేసి, కుక్కకు ఎప్పటినుంచి తిండి మాన్పించాలో అడిగి తెలుసుకోండి.